పచ్చరాయికి దారి

మా వదిన మొన్న వానాకాలంలో పోయింది. ఒక పక్క కోవిడ్, ఒక పక్క మళ్ళీ మిలిటరీ. రంగూన్ మొత్తం తలుపులు వేసుకొని కూర్చున్న రోజులవి. తెల్లటి ప్లాస్టిక్ దుస్తుల్లో కుర్రాళ్ళు వచ్చి తీసుకెళ్ళారు. శ్మశానం దాకా మమ్మల్ని రానివ్వలేదు. నేనూ, మేం ఇప్పటికీ పాప అనే మా అన్న కూతురూ పజుండౌంగ్‌లోని మా వీధి చివర నిలబడి దండం పెట్టాం.

ఎదురు మేడ మీద నుంచి ఒక బర్మా ముసలాయన కిందికి వంగి, "పోయింది ఎవరు?" అని అడిగాడు. పాప తన తల్లి పేరు చెప్పింది. ఆయనకు తెలియలేదు. మళ్ళీ చెప్పింది. చివరికి నేనే, "మ అమెరికా" అన్నాను.

"అయ్యో, మ అమెరికానా!" అని ఆయన రెండు చేతులూ జోడించాడు.

బర్మా భాషలో 'మ' అంటే అక్క. వీధివాళ్ళు వేళాకోళంగా పెట్టిన ఆ పేరు మా చెవులకు 'మా అమెరికా' అని వినిపించేది. ఆవిడ తన జన్మలో పడమటికి అహ్లోన్ రేవు, తూర్పుకి నది దాటితే తన్లిన్, అంతకు మించి వెళ్ళింది లేదు. అయినా ఆ పేరు ఎందుకు వచ్చిందో చెప్పగలను. ఆవిడ ఎలాంటి మనిషో చెప్పమంటే మాత్రం, అంతకాలం ఒక ఇంట్లో ఉండి కూడా, నాకు తికమకే.

అమెరికా మా ఇంటికి బస్సులో వచ్చింది. మా అన్న లైను బస్సు డ్రైవరు. యుద్ధకాలం నాటి లారీకి చెక్కబాడీ కట్టిన బస్సు అది. ఓనరు వేరే. ఒకరోజు ఎవరో తెల్లాయన పొరపాటున అన్న బస్సెక్కి, తప్పు తెలుసుకొని కంగారుగా దిగిపోతూ సీటు మీద ఒక మడతల కాగితం వదిలేశాడు. విప్పితే అమెరికా పడమటి వైపు రోడ్ల మ్యాపు. వెనకవైపు అక్కడి నేషనల్ పార్కుల బొమ్మలు. కాగితం దళసరిగా ఉందని, వంటింటి అలమరలో పరుచుకోవడానికి పనికొస్తుందని అన్న ఇంటికి పట్టుకొచ్చాడు. ఆ రోజుల్లో మా దేశంలో మంచి కాగితం దొరకడం కూడా కష్టమే.

వదిన అలమర కడిగింది. పరిచే ముందు కాగితం నేల మీద విప్పి చూసింది. మిషను బడిలో కొన్నాళ్ళు చదివింది కనుక ఇంగ్లీషు కూడబలుక్కోగలదు. ఎంతసేపు చూసిందంటే, అన్న స్నానం చేసి వచ్చేసరికి కూడా అలాగే మోకాళ్ళ మీద ఉంది.

"ఏటయ్యా, ఇన్ని రోడ్లు ఒక్క దేశానికేనా?"

"మరి?"

"మద్దిలో గేట్లెక్కడా లేవేటి?"

ఆవిడ అడిగిన గేట్లంటే చెక్‌పోస్టులు. మా తాతలు విశాఖపట్నం వైపు నుంచి ఓడెక్కి వచ్చి అహ్లోన్ మిల్లుల్లో బియ్యం బస్తాలు మోసినవాళ్ళు. మేం రంగూన్‌లోనే పుట్టాం. అయినా మా దగ్గర ఉన్నవి విదేశీయుల కార్డులు. మాండలేలో చుట్టాల పెళ్ళికి వెళ్ళాలన్నా ఆఫీసులో అనుమతి రాయించుకోవాలి, దారిలో ప్రతి గేటు దగ్గరా దిగి చూపించాలి. అలాంటి మనిషి ఆ కాగితం మీద వేలు పెట్టి, ఒక చివర నుంచి ఇంకో చివర దాకా ఎక్కడా ఎత్తకుండా లాగింది.

"నువ్వు తోలగలవేటి ఇంత దూరం?" అంది.

"పెట్రోలు పోస్తే తోలతాను" అన్నాడు అన్న.

అంతే. ఆ కాగితం అలమరలోకి వెళ్ళలేదు.

అప్పటి నుంచి సాయంత్రం అన్నం తిన్నాక మేం నలుగురం, అన్న, వదిన, పాప, నేను, మ్యాపు చుట్టూ చేరేవాళ్ళం. వదిన బర్మా ఆడవాళ్ళలా బుగ్గలకు తనఖా బెరడు గంధం పూసుకొని, లుంగీ మోకాళ్ళ మధ్య దోపుకొని కూర్చునేది. దూరాన్ని వేలి కణుపులతో కొలిచేది. కణుపంటే ఒక పూట ప్రయాణం. ఊళ్ళ పేర్లు ఆవిడకు నోరు తిరిగేవి కావు, తెలుగు చేసేసేది. యెల్లోస్టోన్ పచ్చరాయి అయింది. గ్రాండ్ కాన్యన్ పెద్ద గండి. సాల్ట్ లేక్ ఉప్పుచెరువు. డెత్ వ్యాలీని మాత్రం పేరెత్తనిచ్చేది కాదు. "సావులోయలోకి పిల్లని తీసుకెల్తామేటి? సుట్టు తిరిగే ఎల్దాం" అని, దాన్ని తప్పించడానికి రెండు కణుపులు ఎక్కువ వేసింది.

పచ్చరాయి మ్యాపులో ఆకుపచ్చగా ఉంది, పేరులో పసుపుగా ఉంది. మా వాడుకలో రెండూ పచ్చే కావడం వల్ల అసలు ఆ రాయి ఏ రంగన్నది ఎప్పుడూ తేలలేదు. భూమిలోంచి వేడినీళ్ళు పైకి చిమ్ముతాయని మాత్రం అందరికీ తెలుసు. అక్కడ పప్పు ఉడుకుతుందా లేదా అని వదిన, అన్న వాదించుకునేవారు.

పెద్ద గొడవ వచ్చింది ఎండుచేపల దగ్గర. బొమ్మల్లో ఒక ఎలుగుబంటి కారు కిటికీలోకి తొంగి చూస్తోంది. తిండి వాసనకు అవి వస్తాయని కింద రాసి ఉంది. "ఎండుసేపలు తీసుకెల్లకూడదు" అని వదిన తేల్చేసింది. ఎండుచేప లేకుండా తాను అంతంత దూరం బండి తోలలేనని అన్న అన్నాడు. తోలకపోతే మానెయ్యమంది. వారం దాటినా వాళ్ళ మధ్య మాటల్లేవు. నేను ఇద్దరి మధ్యా కబుర్లు మోశాను. ఆ కోపం ఆట కాదు. వదిన నిజంగానే వేరే చాప వేసుకుంది. లేని కారులో, లేని చేపల కోసం, రాని ఎలుగుబంటి కోసం మొగుడూపెళ్ళాలు మాటలు మానేసిన ఇల్లు ఇంకెక్కడైనా ఉంటుందా అని నాకు నవ్వొచ్చేది. తర్వాత భయమేసేది కూడా.

ఒకసారి పెట్రోలు దొరక్క అన్న బస్సు మా వీధిలోనే నిలిచిపోయింది. వదిన మమ్మల్ని అందులో ఎక్కించింది. తాను ముందు సీట్లో అన్న పక్కన, మేమిద్దరం వెనక. ఎవరు ఎక్కడ కూర్చుంటే ఎవరికి ఎండ తగులుతుందో చూడాలట. అన్న స్టీరింగు పట్టుకొని ముందుకు చూస్తూ కూర్చున్నాడు. చుట్టుపక్కల వాళ్ళు గుమ్మాల్లోకి వచ్చారు.

"ఎక్కడికమ్మా?" అని ఎవరో అడిగారు.

"అమెరికాకి" అని వదిన బర్మాలో జవాబు చెప్పింది, అహ్లోన్‌కి అన్నట్టు.

పేరు వచ్చింది ఆ రోజే. ఆ తర్వాత కొద్ది రోజులకే వార్డు కౌన్సిల్ పెద్ద మా ఇంటికి వచ్చాడు. ఒక ఇండియన్ కుటుంబం విదేశీ మ్యాపు పెట్టుకొని పారిపోవడానికి పథకం వేస్తోందని ఆయనకు ఎవరో చెప్పారు. అలాంటి మాట మీద జైలుకు వెళ్ళినవాళ్ళను ఎరుగుదుం. వదిన మాత్రం చాప వేసి, టీ ఇచ్చి, మ్యాపు తానే తెచ్చి ఆయన ముందు పరిచింది.

"ఎవరి అనుమతితో వెళ్తున్నారు?" అన్నాడాయన.

"ఇంకా అడగలేదు అయ్యగారూ. దారి ఖాయమయ్యాక మిమ్మల్నే అడుగుదామని."

ఆయన ఆవిడ ముఖంలోకి చూశాడు. వెక్కిరింపు కనిపిస్తుందేమోనని నేనూ చూశాను. లేదు. ఆయన టీ తాగి, మ్యాపు మడిచి సంచిలో పెట్టుకున్నాడు. గుమ్మం దాటుతూ ఆగి, "ఆ ఎలుగుబంట్లు నిజంగా కారు దగ్గరికి వస్తాయా?" అని అడిగాడు.

"తిండి కనబడకపోతే రావు" అంది వదిన.

మ్యాపు పోతే పిచ్చి కూడా పోతుందనుకున్నాను. అలా జరగలేదు. జ్ఞాపకం మీద కొనసాగించాం, అక్కడే అసలు గందరగోళం మొదలైంది. పచ్చరాయి ఉత్తరాన ఉందని పాప, కాదు పెద్ద గండి పక్కనే అని అన్న. వదినకు ఏది అనుకూలంగా ఉంటే అది. కొండలు జరిగాయి, ఎడారులు కుంచించుకుపోయాయి, ఉప్పుచెరువు ఒక వారం ఉండేది, ఇంకో వారం ఉండేది కాదు. మరికొన్నాళ్ళకు అవన్నీ పజుండౌంగ్ వాగు అవతలి గట్టునే ఉన్నాయన్నట్టు మాట్లాడుకునేవాళ్ళం. నేను ఒకసారి, "వదినా, ఇది తప్పేమో" అంటే, "నువ్వు సూసొచ్చినావేటి?" అంది.

తర్వాత ఎనభై ఎనిమిదో సంవత్సరం వచ్చింది.

విద్యార్థులు సర్కారు మీద తిరగబడి వీధుల్లోకి వచ్చారు. వాళ్ళ వెనక రేవు కూలీలు, గుమాస్తాలు, బౌద్ధ భిక్షువులు. ప్రతి వీధి మొదట్లో వెదురు కంచెలు కట్టి జనం కాపలా కాశారు. మా చుట్టాలు వచ్చి, "మనం పైదేసపోళ్ళం, మనకెందుకు, తలుపులేసుకోండి" అని చెప్పి వెళ్ళారు. అన్న మాత్రం బస్సు నిండా ఊరేగింపు వాళ్ళను ఎక్కించుకొని తిప్పాడు.

"సుట్టాలు సెప్పింది ఇన్నావా?" అంది వదిన.

"సెయ్యెత్తి బస్సాపినారు. సదువుకునే పిల్లలు. దింపీమంటావేటి?"

మర్నాటి నుంచి ఆవిడ గుమ్మంలో కుండ పెట్టి, ఊరేగింపులో వచ్చేవాళ్ళకు మంచినీళ్ళు పోసింది.

వానలు తగ్గే వేళకు మిలిటరీ మళ్ళీ పగ్గాలు పట్టింది. కాల్పులు జరిగాయి. వాగు వైపు నుంచి మోతలు వినిపిస్తుంటే పాపను మంచం కింద పడుకోబెట్టాం. కొన్ని రోజులకు, పొద్దున్నే కర్ఫ్యూ విడిచాక, ఇద్దరు విద్యార్థులు మా గుమ్మంలోకి వచ్చారు. వాళ్ళ స్నేహితుల కోసం సైనికులు గాలిస్తున్నారట. వాళ్ళను తూర్పు దారిన ఊరు దాటించాలట. అన్న చొక్కా వేసుకున్నాడు.

"ఎంత దాకా?" అని వదిన ఒక్కటే అడిగింది.

"పెగూ దాకా. సాయంత్రానికి వొచ్చీస్తాను."

వదిన అన్నం పొట్లం కట్టింది. అందులో వేయించిన ఎండుచేపలు పెట్టడం నేను చూశాను.

ఆ సాయంత్రం అన్న రాలేదు. ఆ నెలా రాలేదు. బస్సు సరిహద్దు దాకా వెళ్ళిందని ఒకరు, సిట్టాంగ్ వంతెన దగ్గర తగలబడిందని ఒకరు, అన్నను ఫలానా చోట చూశామని ఇంకొకరు. ఎవరి మాట నమ్మాలో తెలిసేది కాదు. వదిన అందరి మాటలూ విని అందరికీ టీ ఇచ్చేది.

వార్డు పెద్ద ఒంటరిగా వచ్చాడు. ఈసారి చాప మీద కూర్చోలేదు. "రేపో ఎల్లుండో సైనికులు వచ్చి మీ ఆయన గురించి అడుగుతారు. అల్లర్లలో చనిపోయాడని చెప్పకండి, రోగంతో పోయాడని చెప్పండి. లేకపోతే మీ అందర్నీ తీసుకెళ్తారు" అన్నాడు. మంచికే చెప్పాడని ఇప్పుడు అర్థమవుతోంది. నేను ఆవిడ కాళ్ళు పట్టుకొని అలాగే చెప్పమని బతిమాలాను. వదిన నుదుటి బొట్టు మీద చెయ్యి పెట్టుకుంది.

"బతికున్నోన్ని సంపీమంటావేటే ఓలమ్మీ? రేపొద్దున్న తిరిగొస్తే ఏ మొకం పెట్టుకుని ఇంట్లోకొస్తాడు?"

సైనికులు వచ్చారు. వీధి అంతా చూస్తోంది. ఆఫీసరు అడగడం పూర్తికాక ముందే వదిన గుండెలు బాదుకొని గట్టిగా ఏడవడం మొదలుపెట్టింది. మొగుడు తనను వదిలేశాడంది. మౌల్మీన్‌లో చేపలమ్మే దానితో ఎప్పటి నుంచో ఉన్నాడంది. ఊరు గోలలో ఉన్నప్పుడు ఇదే సందని బస్సు కూడా పట్టుకొని దాని దగ్గరికి పోయాడంది. ఆ ఆడదాని వయసు చెప్పింది, రంగు చెప్పింది, దాని పెదవి మీది పుట్టుమచ్చ చెప్పింది. దానికి అంతకుముందే ఒక బిడ్డ ఉన్నాడంది. బర్మాలో ఏడ్చి, మధ్యలో తెలుగులో తిట్టింది. "మీకు దొరికితే రెండు తగిలించి నా దగ్గరికి పంపండి" అని ఆఫీసరునే వేడుకుంది. వెనకాల ఒక సైనికుడు నవ్వాడు. వాళ్ళు వెళ్ళిపోయారు.

వాళ్ళు వెళ్ళినా ఆవిడ ఏడుపు ఆపలేదు. నేను తలుపు మూసి, "వదినా, అయిపోయింది, ఊరుకో" అన్నాను. ఊరుకోలేదు. ఆ తర్వాతి నెలల్లో వీధి ఆడవాళ్ళు వచ్చి ఓదారుస్తుంటే ప్రతిసారీ కొత్త సంగతి ఒకటి కలిపేది. ఆ చేపలావిడ కట్టే లుంగీల అంచు, ఆవిడ వంట రుచి. ఒకరోజు ఇంట్లో ఎవరూ లేనప్పుడు కూడా కూరలో ఉప్పు ఎక్కువైతే, "అక్కడది బాగా వొండుతాదేమో" అని గొణుక్కుంది. నాకు మతి పోయింది. అబద్ధమని నా కళ్ళతో చూశాను. అయినా, ఒకవేళ నిజమేనా అని లోపల్లోపల అనుమానం పట్టుకుంది. పాప అయితే నమ్మేసింది, తండ్రి మీద కోపం పెట్టుకుంది.

మళ్ళీ వానలు మొదలయ్యాక అన్న వచ్చాడు. పట్టపగలు, వీధిలో అందరూ చూస్తుండగా, నడిచి. బస్సు లేదు. మలేరియా పట్టి, చొక్కా హ్యాంగరుకు తగిలించినట్టు ఉన్నాడు. పిల్లల్ని సరిహద్దు అడవి దాకా చేర్చి, దారిలో బస్సు వదిలేసి, ఊరూరా కూలి చేస్తూ వెనక్కి వచ్చాడని మాకు తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం వదిన గుమ్మంలోకి పరిగెత్తి చీపురు తీసింది. ఏం జరుగుతోందో ఆయనకు తెలియదు. నాలుగు దెబ్బలు పడ్డాక, "ఆ సేపలదాన్ని వొదిలీసి ఇప్పుడొచ్చినావా?" అన్న కేక విని ఆవిడ కళ్ళలోకి చూశాడు. ఏమర్థమైందో మరి, తల వంచుకొని, "తప్పయిపోయింది" అన్నాడు, వీధి మొత్తానికి వినపడేలా, బర్మాలో.

అదే ఆయన్ని కాపాడింది. వార్డు పెద్ద 'భార్య దగ్గరికి తిరిగి వచ్చాడు' అని పైకి చెప్పాడు. ఎవరూ ఎక్కువ తవ్వలేదు. దానికి బదులుగా మా అన్న బతికినంత కాలం ఆ వీధిలో ఉంచుకున్నదాన్ని వదిలి వచ్చిన మగాడిగానే బతికాడు. టీ కొట్లో కుర్రాళ్ళు ఎగతాళి చేసినా కిక్కురుమనలేదు. పాపకు నిజం చెప్పడానికి చాలా ఏళ్ళు పట్టింది. చెప్పాక కూడా అది ఎంత నమ్మిందో తెలియదు.

జ్వరంతో మంచం మీద ఉన్న రోజుల్లోనే ఒక సాయంత్రం అన్న, "మనం దారి ఎక్కడ ఆపేసినాం?" అని అడిగాడు. వదిన ఆగకుండా, "పచ్చరాయి దగ్గిర. నీల్లు కాగుతున్నాయి" అంది. మళ్ళీ మొదలైంది. ఆవిడ లేనప్పుడు నేను అన్నను అడిగాను, ఒంట్లో ఓపిక లేకుండా ఇప్పుడు కూడా ఇదేమిటని.

"నాకా సరదా?" అని నవ్వాడు. "పొద్దల్లా రోడ్డు మీదుండేవోన్ని. ఇంటికొచ్చి మల్లీ రోడ్డేటి? మీ వదినకి ఇష్టం. ఆవిడకి ఇంకేటిచ్చినాను నాను?"

అన్న పోయి చాలా కాలమైంది. వదిన అమెరికా మాట ఎత్తడం ఆయనతోనే ఆగిపోయింది. మ అమెరికా అని పిలిచే వాళ్ళు మిగిలారు, అంతే.

పోయిన ఏడు, ఈ మిలిటరీ రాకముందు, ఇద్దరం కిటికీ దగ్గర కూర్చొని చిక్కుళ్ళు ఒలుస్తున్నాం. ఆవిడకు చూపు తగ్గింది, చేతులకు మాత్రం వేగం తగ్గలేదు. నాకెందుకో అడగాలనిపించింది.

"వదినా, అప్పుడు నీకు నిజంగా అంత ఇష్టమా, ఆ పచ్చరాయీ, గండీ చూడాలని?"

ఆవిడ తెల్లబోయింది. "నాకేటి ఇష్టమే? ఎలుగుబంట్లంటే బయం నాకు. మీ అన్నకి గదా సరదా. అదే ఊల్లో అదే లైను తోలి తోలి ఇసుగెత్తిపోయి ఇంటికొచ్చీవోడు. మ్యాపు ముందర కూకుంటే మొకం ఎలిగేది. అందుకని..."

అన్న నాతో అన్న మాట నోటిదాకా వచ్చింది. ఆగాను. చెబితే ఆవిడ నవ్వుతుందో, ఏడుస్తుందో తెలియలేదు. అన్నేళ్ళ సాయంత్రాలు, ఆ గొడవలు, మాటలు మానేసిన రోజులు, ఇద్దరూ తమకు అక్కర్లేని ప్రయాణం కోసమే పడ్డారా? మరి వెళ్ళాలని ఉన్నది ఎవరికి? పాపకు నిద్ర వచ్చేది. అన్న ఆవిడ కోసం, ఆవిడ అన్న కోసం. ఇంకెవరున్నారని వెతుక్కుంటే ఆ చాప మీద మిగిలింది నేనే. వేడినీళ్ళు ఆకాశంలోకి లేస్తుంటే ఆ తుంపర ముఖం మీద పడుతుందని తలుచుకుంటూ పడుకునేదాన్ని. ఎవరికీ చెప్పలేదు. ఆడబిడ్డను, పెళ్ళి కాకుండా వాళ్ళింట్లో ఉండిపోయినదాన్ని, నా ఇష్టం ఎవరు అడుగుతారు అనుకున్నాను.

"నాకుండేది వదినా" అన్నాను. "నేను నిజంగానే వెళ్దామనుకున్నాను."

ఆవిడ చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది.

"మరి ఆ మాట అప్పుడే సెప్పొద్దేటే ఓలమ్మీ!" అంది.

ఆ రోజంతా నాతో మాట్లాడలేదు.